ఎనిమిదో ఎక్కంలో ఆగిన చోట

నన్ను మొద్దు అన్నవాళ్ళందరూ పోయారు, నేను మాత్రం ఇంకా ఉన్నాను. ఆ సంతోషం నాకు కొంచెం ఎక్కువే. చిన్నప్పుడు నన్ను మొద్దు అనని మనిషి ఒక్కతే ఉండేది, మా టీచరమ్మ. నా తలకాయలో ఏం జరుగుతోందో ఆవిడ వల్లే తెలిసింది. మా తమ్ముడు నీళ్ళ పాలు కాబోయిందీ ఆవిడ వల్లే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు కాబట్టి రెండూ చెబుతున్నాను.

మాది నెల్లూరు సముద్రపొడ్డున ఒక పాళెం. ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, మధ్యలో ఇసకమేట మీద మా గుడిసెలు. బడి ఏటికి అవతల, వరి పండించే రైతుల ఊళ్ళో ఉండేది. వంతెన లేదు. నీళ్ళు పలచగా ఉన్నచోట వరసగా కొయ్యలు పాతి ఉండేవి. ఆ కొయ్యల వెంబడి నడిస్తే ఆటుకు నీళ్ళు తీసినప్పుడు మోకాళ్ళు, పోటు మీదున్నప్పుడు నడుము తడిసేది. కొయ్యల వరస తప్పితే పక్కనే మడుగు. అందులో మగవాళ్ళకే కాలు అందదు.

యాభైల చివర్లో నాకు తొమ్మిదో ఏడు. అమ్మ పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని పల్లెలకు పోయేది. నాయన తెప్ప మీద సముద్రంలో ఉండేవాడు. ఇంకా నడక రాని తమ్ముడు నా చంకన ఉండేవాడు. వాణ్ణి ఎత్తుకునే ఏరు దాటేదాన్ని, వాణ్ణి ఎత్తుకునే బడికి పోయేదాన్ని. అప్పట్లో చాలామంది ఆడపిల్లలది అదే బతుకు. లోపల మేం చదువుకుంటుంటే వరండాలో మా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పాకుతూ, ఏడుస్తూ, మట్టి తింటూ ఉండేవాళ్ళు.

మా హెడ్మాస్టరుకు చదువంటే అరుపే. ఎక్కాలు, పద్యాలు, నదుల పేర్లు, అన్నీ గుంపుగా గొంతు చించుకుని అరవాలి. అరుపు రోడ్డు దాకా వినబడితే బడి బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు లెక్క. ఆ గోలలో ఎవరు చెబుతున్నారో, ఎవరు ఊరికే నోరు ఆడిస్తున్నారో దేవుడికే తెలియాలి. నాకు మాత్రం అది హాయిగానే ఉండేది. నా చదువులో ఉన్న చిల్లులు ఆ అరుపుల కింద కప్పబడిపోయేవి.

అప్పుడొచ్చింది టీచరమ్మ. మెట్ట వైపు రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, ట్రైనింగు ముగించుకుని నేరుగా మా బడికే వచ్చింది. సముద్రం అంతకుముందు చూడలేదు, ఈత రాదు. ట్రైనింగులో ఆవిడకు పాఠం చెప్పిన ఒక మాస్టారికి మెదడంటే పిచ్చట. మెదడు ఎలా నేర్చుకుంటుంది, ఎలా మరిచిపోతుంది అని డాక్టర్లు కనిపెట్టిన సంగతులన్నీ కూర్చోబెట్టి చెప్పేవాడట. ఆవిడ వాటిని మూట కట్టుకుని తెచ్చింది. వచ్చిన వారంలోనే తలకాయను నిలువునా కోసిన బొమ్మ ఒకటి గోడకు తగిలించి, ఇదేందో చెప్పండి అని అడిగింది.

"మేక మెదడు టీచర్!" అని అందరం అరిచాం. జాతరలో తిన్నవాళ్ళం, మాకు తెలియదా?

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "మీ తలకాయల్లో ఉండేదీ ఇట్టాంటిదే. అరిస్తే ఇందులోకి ఏదీ ఎక్కదు. గుర్తు చేసుకుంటే ఎక్కుతాది" అంది.

అప్పటి నుంచి మా తరగతిలో అరుపులు బందు. పాఠం చెప్పి పుస్తకం మూయించేది. మర్నాడు పొద్దున్నే, "నిన్న చెప్పిందేందో చెప్పండి" అనేది. రెండు రోజులాగి అదే అడిగేది, వారం పోయాక మళ్ళీ అడిగేది. మరిచిపోబోయే వేళకు గుర్తు చేసుకుంటే మెదడులో దారి గట్టిపడుతుందట. కాసేపు పాఠం కాగానే బయటికి తోలి పరిగెత్తమనేది. నిద్రలో కూడా మెదడు చదువుకుంటుందని, పెందలాడే పడుకోమని చెప్పేది. ఈ మాట విని హెడ్మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నిద్రలో చదువుకునేటట్టయితే ఇంక మనమెందుకమ్మా? బడిలో చాపలేసి జోకొడదాం" అన్నాడు.

ఆయన నవ్వినా మిగతా పిల్లలు గబగబా నేర్చుకున్నారు. చిక్కంతా నాతోనే వచ్చింది. ఒకరోజు టీచరమ్మ ఒక కథ చెప్పింది. మర్నాడు నన్ను లేపి అడిగితే కథ మొదలు చెప్పాను, చివర చెప్పాను, నడుమ ముక్క మాత్రం నాకు తెలియదు. మరిచిపోవడం కాదు, ఆ ముక్క నేను అసలు విననే లేదు. కాకి ఎగిరిపోయిందని చెప్పాను గానీ అది ఎందుకొచ్చిందో నాకు తెలియదు. పిల్లలు పడీపడీ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. అలాగే నా కళ్ళలోకి చూస్తూ నిలబడింది. ఎందుకో నాకు భయం వేసింది.

ఆ రోజు నుంచి ఆవిడ చూపు నా మీదే. నాకేమో ఒళ్ళు మండేది. ఏం చేశానని? నా గోల నాకు చాలదా? నా చేతిలో పలక నిలిచేది కాదు. ఊరికే కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటే పలక కిందపడి పగిలేది. "నేను పడెయ్యలేదు సార్" అంటే అబద్ధాలు కూడానా అని హెడ్మాస్టరు బెత్తంతో అరిచేతులు వాచేట్టు కొట్టేవాడు. నిజంగానే నేను పడెయ్యలేదు. పలక చేతిలో ఉండేది, ఆ తర్వాత కింద ముక్కలై ఉండేది. మధ్యలో ఏమీ లేదు.

ఇంట్లోనూ అంతే. పొయ్యి ఊదడం నా పని. తడిసిన సరుగుడు పుల్లలు ఒక పట్టాన రాజుకోవు, రొప్పు వచ్చేదాకా ఊదాలి. ఊదుతూ ఊదుతూ ఉంటే అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటి వేసేది. చూస్తే ఊదుగొట్టం నిప్పుల్లో ఉండేది, ముందు జుట్టు కమురు వాసన వచ్చేది. "నిద్రమొగందానా, పొయ్యిలో పడి చస్తావు మే" అని తిట్టేది. పక్క గుడిసె అవ్వ మాత్రం తిట్టేది కాదు. దూరంగా నిలబడి, "ఈ బిడ్డను ఎవురో పిలస్తా ఉండారు. పోయొస్తా ఉండాది" అనేది. ఆ మాట విన్నాక ఒంటరిగా పొయ్యి ముందు కూర్చోవాలంటే నాకు భయంగా ఉండేది.

ఒక సాయంత్రం బడి వదిలాక టీచరమ్మ నన్ను ఆగమంది. తాటాకు గాలిపంక ఒకటి నా చేతికిచ్చి, తిరగడం ఆపకుండా ఊదమంది. నేను ఊదాను. అది గిర్రున తిరిగింది. తమ్ముడు చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఊదుతున్నాను, ఊదుతున్నాను. చూస్తే గాలిపంక నేల మీద ఉంది. టీచరమ్మ రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఉండావా?" అని అడిగింది.

"ఉండాను టీచర్" అన్నాను. ఇదేం ప్రశ్న అనుకున్నాను.

ఆవిడ కిందపడిన గాలిపంక తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "ఇంట్లో పొయ్యి ఎవరు ఊదుతారు?" అంది.

"నేనే."

"తమ్ముణ్ణి ఎత్తుకుని ఏరు దాటేది ఎవరు?"

"నేనే. ఇంకెవరుండారు?"

ఆవిడ వంగి తమ్ముణ్ణి ఎత్తుకుంది. అసలు నాకు ఇవ్వకుండా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. పొద్దు గుంకుతోంది, పోటెక్కుతుంది, ఇవ్వు టీచర్ అని నేనే లాక్కున్నాను.

ఆవిడకు ఆ రోజే అంతా అర్థమైందని నాకు చాలా కాలం తర్వాత ఆవిడే చెప్పింది. కొందరు పిల్లలకు మెదడులో కరెంటు లాంటిది ఒక్కసారిగా చెదిరి, కాసేపు మనసు ఆరిపోతుందని, వాళ్ళు పడిపోరని, కళ్ళు తెరిచే ఉంటాయని, ఒక్కోసారి నడుస్తూనే ఉంటారని, గట్టిగా రొప్పితే అది తొందరగా వస్తుందని ఆ మాస్టారు ట్రైనింగులో చెప్పాడట. ఎక్కాలు అరిస్తే నేను పోయేదాన్ని. పొయ్యి ఊదితే పోయేదాన్ని. తిరిగొచ్చాక నేను పోయినట్టు నాకే తెలిసేది కాదు.

అప్పుడు ఆవిడ తరగతిలో నాకోసం వేరే దారి పెట్టింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కళ్ళు నిలబడిపోగానే పాఠం ఆపేది. నేను తిరిగొచ్చేదాకా చూసి, "ఉండావా?" అని అడిగి, ఆపిన మాట దగ్గర నుంచి మళ్ళీ చెప్పేది. దెబ్బ లేదు, తిట్టు లేదు. నా చదువులో చిల్లులు ఒక్కొక్కటే పూడుకుంటూ వచ్చాయి. మొదటిసారి ఏడో ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెప్పిన రోజు నేను ఏడ్చాను. సిగ్గు లేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

కానీ ఏరు అలాగే ఉంది, తమ్ముడు నా చంకనే ఉన్నాడు. ఆవిడకు భయం. ఒక ఆదివారం నీళ్ళు తీసిన వేళ చూసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కొయ్యకొయ్యకూ ఆగుతూ మా పాళెం వచ్చింది. మనసు ఆరిపోతుందన్న మాట మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతుంది? అంతకుముందే మా పాళెంలో మూర్ఛలొచ్చే కోడలొకామెను పుట్టింటికి తోలేశారు. ఆమె ముట్టుకున్న వలను కూడా సముద్రంలో వెయ్యలేదు. హెడ్మాస్టరయితే మూర్ఛ అన్న మాట వింటే చాలు, మర్నాడే నా పేరు కొట్టేసేవాడు. నా చదువు ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడ సగమే చెప్పింది.

"పిల్లకు చేతుల్లో పట్టు చాలదమ్మా. పట్టుకున్నది ఉన్నట్టుండి వదిలేస్తా ఉండాది. పిల్లోణ్ణి ఇచ్చి ఏట్లోకి పంపొద్దు" అంది.

"నేను గంపెత్తుకుపోవాల, ఆయన తెప్పెక్కి పోవాల. ఈమె ఎత్తుకోకపోతే ఇంకెవురు ఎత్తుకుంటారు టీచరమ్మా?" అంది అమ్మ.

నాయన పక్కన వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. సగం చెప్పినా సరే, విన్న మాటను వదిలేసే మనిషి కాదు. గాలి ఎక్కువైనప్పుడు తెప్ప మీద మగవాళ్ళు నడుముకు తాడు చుట్టి తెప్పకు కట్టుకుంటారు. చెయ్యి జారినా మనిషి జారకూడదని. మా వాళ్ళకు తెలిసిన విద్య అదే. టీచరమ్మ పోయాక నాయన వలతాడు ముక్క ఒకటి కోసి, తమ్ముణ్ణి నా చంకన పెట్టి, వాడి నడుమూ నా నడుమూ కలిపి చుట్టి ముడి వేశాడు. తడిస్తే ఇంకా బిగుసుకునే ముడి అది.

"ఇప్పుడు చెయ్యి వదిలినా వాడు యాడికీ పోడు" అన్నాడు. అమ్మ ముడిని లాగి చూసింది. ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

పొద్దున అమ్మ కట్టి పంపేది. అవతలి గట్టు మీద ఎవరో ఒక ఆడమనిషి ముడి విప్పేది. తాడును అక్కడే కొయ్యకు తగిలించి బడికి పోయేదాన్ని. సాయంత్రం గట్టు మీదున్న వాళ్ళెవరో మళ్ళీ కట్టేవాళ్ళు. ఆ తాడు బడిదాకా రాలేదు, టీచరమ్మ కంట పడలేదు. నాకు మాత్రం తాడంటే ఇష్టంగానే ఉండేది. తమ్ముడి బరువు కాస్త తగ్గినట్టుండేది.

వానలు మొదలయ్యాక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. హెడ్మాస్టరుకు పూనకం వచ్చినట్టయింది. మధ్యాహ్నం నుంచి బడి మొత్తాన్ని ఒక్కచోట కూర్చోబెట్టి ఎక్కాలు అరిపించాడు. ఈ పిల్లను వదలండి అని టీచరమ్మ బతిమాలింది. "మీ మెదడు సంగతులు ఇన్‌స్పెక్టరు పోయినాక చూసుకుందాం లేమ్మా" అని ఆయన చెవిన వేసుకోలేదు. నన్ను ముందు వరసలోనే కూర్చోబెట్టాడు. ఆ మధ్యాహ్నం నేను ఎన్నిసార్లు పోయి వచ్చానో నాకు తెలియదు. టీచరమ్మకు తెలుసు. బడి వదలగానే నన్ను ఆగమందట. నేను వినలేదు. పున్నమి దగ్గర పడింది, పోటు జోరుగా ఎక్కుతుంది, ఆలస్యమైతే ఏరు దాటలేనని నా హడావుడి నాది. తమ్ముణ్ణి చంకనేసుకుని పరిగెత్తాను.

గట్టు మీద ఒక ముసలామె తాడు కట్టింది. ఏట్లో దిగాను. నీళ్ళు అప్పటికే నడుముకు వచ్చాయి. తమ్ముడు భయపడకుండా ఉండాలని ఎనిమిదో ఎక్కం గట్టిగా అరవడం మొదలుపెట్టాను. అరుపు వింటే వాడు నవ్వేవాడు. ఎదురుగా పాళెం వైపు గట్టు మీద మా మగవాళ్ళు నలుగురైదుగురు వలలు ఆరేస్తున్నారు. ఎనిమిది అయిదులు నలభై. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది.

అంతే. అక్కడికి నేను ఆగిపోయాను. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. నా బతుకులో అన్నిటికంటే పెద్ద సంగతి జరిగినప్పుడు నేను అక్కడ లేను. చూసినవాళ్ళు చెప్పిందే చెబుతున్నాను.

నేను ఏటి నడుమ నిలబడిపోయానట. కళ్ళు తెరిచే ఉన్నాయి, తల నిటారుగా ఉంది. గట్టు మీది మగవాళ్ళు చూశారు. అందరూ సముద్రంలో పుట్టి పెరిగిన ఈతగాళ్ళే. ఏట్లో ఒక పిల్ల నిలబడి ఉంటే అందులో భయపడడానికి ఏముంది? ఎవరూ కదల్లేదు. నా వెనకే రొప్పుతూ వచ్చిన టీచరమ్మ బడి వైపు గట్టు మీది నుంచి అరిచింది.

"ఆ పిల్ల లేదు! పట్టుకోండయ్యా, ఆ పిల్ల ఆడ లేదు!"

ఎదురుగా నేను కనబడుతుంటే లేదంటుందేమిటని వాళ్ళు తెల్లబోయి చూశారు. ఇంతలో నేను కదిలాను. కొయ్యల వైపు కాదు, మడుగు వైపు నడిచాను. ఒక్కో అడుగుకూ నీళ్ళు పైకి వచ్చాయి. నా చెయ్యి ఎప్పుడో జారిపోయింది. తాడు లేకుంటే, చెయ్యి వదిలినా చంటిపిల్లాడు నీళ్ళ మీద కాసేపైనా తేలతాడు, ఎవరి కంటనైనా పడతాడు. నాయన ముడి వాణ్ణి తేలనివ్వలేదు. నా నడుముతో పాటు వాడూ కిందికి పోయాడు. నా తల ఇంకా నీళ్ళ పైనే ఉంది.

టీచరమ్మ ఏట్లో దూకింది. కొయ్యలు చూసుకోలేదు, రెండడుగులకే మడుగులో పడి మునిగింది. అప్పుడు కదిలారు మగవాళ్ళు. టీచరమ్మ మునిగిపోతోందని అందరూ ఆవిడ కోసమే ఈదారు. జుట్టు పట్టి పైకి తీస్తే ఆవిడ వాళ్ళను గోళ్ళతో రక్కి, నీళ్ళు కక్కుతూ, నన్ను చూపించి "నన్ను కాదు, నన్ను కాదు" అని కొట్టుకుందట. వాళ్ళు వెనక్కి తిరిగి చూసేసరికి ఏటి మీద నా జుట్టు ఒక్కటే కనిపించింది. మా చిన్నాయన మునిగి, మొలలో కత్తి తీసి, తాడు కోశాడు.

ఇక్కడి నుంచి నాకు గుర్తుంది. ఇసక మీద పడున్నాను. నోరంతా ఉప్పు. దగ్గాను. దగ్గి, నేను ఆపిన చోటి నుంచే అందుకున్నాను.

"ఎనిమిది ఏళ్ళు యాభయ్యారు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎవరో ఆడమనిషి అమ్మవారిని తలచుకుని కెవ్వుమంది. పక్కన చిన్నాయన తమ్ముణ్ణి తలకిందులుగా పట్టుకుని వీపు చరుస్తున్నాడు. వాడు నల్లగా, వాడిపోయి వేలాడుతున్నాడు. వీడు ఎందుకు ఏడవడం లేదని నేను అడిగాను. చిన్నాయన చరుస్తూనే ఉన్నాడు, చరుస్తూనే ఉన్నాడు. చివరికి వాడి నోట్లోంచి భళ్ళున నీళ్ళు వచ్చాయి, పిల్లి కూసినట్టు సన్నటి ఏడుపు వచ్చింది.

అమ్మ ఖాళీ గంపతో వచ్చేసరికి ఇదీ వరస. తడిసి ముద్దయిన టీచరమ్మ అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, దాచిన సగం అప్పుడు చెప్పింది. చెయ్యి కాదమ్మా, మనసే పోతాది, పోయినట్టు ఆ బిడ్డకే తెలియదు అని అందరి ముందూ చెప్పింది.

అమ్మ తమ్ముణ్ణి గుండెకు అదుముకుని అంతా విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే నేను కడతానా టీచరమ్మా?"

టీచరమ్మ సగం చెప్పింది నాకోసమే. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను, రాలేదు. అమ్మ మీదా రాలేదు.

అనుకున్నట్టే హెడ్మాస్టరు నా పేరు కొట్టేశాడు. టీచరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. అమ్మనూ నన్నూ రైలెక్కించి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నా తలకు తీగలు అంటించి, గట్టిగా ఊదమన్నారు. ఊదాను, పోయాను, వచ్చాను. నేను లేనంతసేపూ మిషను ముల్లు కాగితం మీద పెద్ద పెద్ద అలలు గీసింది. డాక్టరు ఆ కాగితం చూపిస్తే అమ్మ చాలాసేపు తేరిపార చూసింది. "తుపానప్పుడు మాదిరే ఉండాదే" అంది. ఇది దెయ్యం కాదు, మొద్దుతనం కాదు, మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుంది, ఈడొచ్చేసరికి పోయినా పోవచ్చు అని డాక్టరు చెప్పాడు. కొంతకాలానికి హెడ్మాస్టరుకు బదిలీ అయింది. టీచరమ్మ నన్ను మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఎనిమిదో ఎక్కం మళ్ళీ మొదటి నుంచి నేర్పింది.

డాక్టరు అన్నట్టే పెద్దమనిషినయ్యాక కొన్నాళ్ళకు అవి రావడం మానేశాయి. మాత్రలూ మానిపించారు. తమ్ముడు కూడా ఏపుగా పెరిగాడు. ఏట్లో చేపపిల్లలా ఈదేవాడు. కానీ ఆ సాయంత్రం తర్వాత అమ్మ వాణ్ణి మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు. గంపతో పాటు వాణ్ణీ మోసుకుని ఊళ్ళు తిరిగింది. ఒక్కసారీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

అరవైల చివర్లో నాకు పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. పురుడు మా అమ్మే పోసింది. పాపకు నీళ్ళు పోసి, పొగ వేసి, గుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. నేను చేతులు చాచాను. అమ్మ ఇవ్వలేదు. వంగి నా కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు టీచరమ్మ చూసినట్టే, రెప్ప వెయ్యకుండా చూసింది.

"మే, ఉండావా?" అని అడిగింది.

"ఉండానమ్మా" అన్నాను.

అప్పుడు పాపను నా చేతుల్లో పెట్టింది. పాప కింద ఉన్న తన చెయ్యి మాత్రం తియ్యలేదు.